జీలుగు కల్లుకు కుళాయి బిగిస్తే

రాయగడ జిల్లా బిస్సంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత. నియమగిరి మీదినుంచి డొంగ్రియా కోందులు పొద్దున్నే పసుపు, అల్లం, అనాసపళ్ళు మోసుకుని దిగుతారు. కోరాపుట్ వైపు ఒనుకుడెల్లిలో గురువారం, కుందులిలో శుక్రవారం సంత. ఏ సంతకు వెళ్ళినా బేరాల హడావుడికి కాస్త ఎడంగా, చెట్టు నీడన, కుండలూ ఎండిన ఆనపకాయ బుర్రలూ ముందు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. బియ్యంతోనో చోళ్ళతోనో పులియబెట్టిన లందా, ఇప్పపువ్వు సారా అక్కడ దొరుకుతాయి. కాలం వస్తే వాటి పక్కన జీలుగు కల్లు కూడా చేరుతుంది. ఒడిశా కొండల్లో దాన్ని సలపా అంటారు. పాడేరు, అరకు వైపు వాళ్ళకు దాని రుచి కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోవే మరి.

ఈ మూడు సరుకుల్లో ఇప్పసారాకు ప్రయాణం తేలిక. బట్టీ పెట్టి దించిన సారాలో బతికున్న ఈస్టు ఉండదు, కొత్తగా వాయువు పుట్టదు. ఏ సీసాలో పోసి మూత బిగించినా నెలల తరబడి కదలక మెదలక ఉంటుంది. కల్లుకూ లందాకూ ఆ సుఖం లేదు. చెట్టు దిగినా, కుండలో తయారైనా అవి పులుస్తూనే ఉంటాయి, నురగ కక్కుతూనే ఉంటాయి. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పులిసి ముక్కు దగ్గర పెట్టుకోలేనట్టు అవుతుంది. ఇలాంటి సరుకును కొండ మీదినుంచి సంతదాకా దించటం, దించాక పదిమందికి పోయటం చిన్న పని కాదు. పాత్ర ఎలాంటిదైతే ఆ పని తేలికవుతుందన్నది నిజానికి భౌతికశాస్త్రం ప్రశ్న.

ఈ ప్రశ్నకు ప్రపంచంలో మరోచోట ఇంకో జవాబు దొరికింది. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవటాన్ని నేరం కాదంటూ 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చట్టం మీద సంతకం చేశాడు. ఆ తరువాత ఇంటి బీరు అక్కడ పెద్ద వ్యాపకమైంది. కాచినదాన్ని పెరట్లో విందుకో, ఊరి తిరనాళ్ళకో తీసుకెళ్ళాలంటే ఫ్రిజ్ వెంట రాదు కదా. అందుకని వాళ్ళలో కొందరు ఒక చెక్కపెట్టె తయారుచేసుకున్నారు. పెట్టె ముందు పలకకు ఒకటో రెండో కుళాయిలు, లోపల చుట్టలు చుట్టలుగా సన్నని స్టీలు గొట్టం, దాని చుట్టూ ఐసు. బీరు ఉన్న పీపా పెట్టె బయటే, ఎండలోనే ఉంటుంది. పక్కనున్న చిన్న సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్ ఆ బీరును గొట్టంలోకి తోస్తుంది. వెచ్చగా ఒకవైపు ప్రవేశించిన బీరు పది పన్నెండు సెకన్లలో చల్లబడి ఇంకోవైపు గ్లాసులో పడుతుంది.

చూడటానికి వడ్రంగి పనిలా కనిపించినా ఇందులో అసలు విద్య వాయువును అదుపు చేయటంలో ఉంది. ఇంగ్లండులో లీడ్స్ పట్టణంలో బీరుబట్టీ పక్కింట్లో కాపురముండిన జోసెఫ్ ప్రీస్ట్లీ, 1767 ప్రాంతంలో పులుస్తున్న తొట్ల మీద ఒక బరువైన వాయువు పొరలా నిలిచి ఉండటం గమనించాడు. దానిమీదికి తెచ్చిన కొవ్వొత్తి ఆరిపోయేది. ఆ వాయువును నీళ్ళలో కరిగించే పద్ధతిని 1772లో అచ్చువేశాడు. మనం తాగే సోడాకు మూలం అదే. ఒత్తిడి పెరిగినకొద్దీ ద్రవంలో కరిగే వాయువు అదే నిష్పత్తిలో పెరుగుతుందని 1803లో విలియం హెన్రీ తేల్చాడు. దీనికి చలి తోడైతే వాయువు ఇంకా బాగా కరుగుతుంది.

ఈ రెంటినీ కలిపి లెక్క కడితే పెట్టె రహస్యం బయటపడుతుంది. మామూలు బీరులో దాని ఘనపరిమాణానికి రెండున్నర రెట్ల వాయువు కరిగి ఉంటుంది. 4 డిగ్రీల చలిలో అంత వాయువును నిలబెట్టటానికి పీపాలో 10, 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి చాలు. అదే పీపా 25 డిగ్రీల దగ్గర ఉంటే 30 పీఎస్ఐ దాటాలి, లేకపోతే వాయువు విడిపోయి అంతా నురగే. కానీ 30 పీఎస్ఐతో తోస్తే కుళాయి తిప్పగానే బీరు గ్లాసును దాటి చొక్కా మీద పడుతుంది. ఇక్కడే పదిహేను మీటర్ల గొట్టం అక్కరకొస్తుంది. అంత పొడుగున గోడలను రాసుకుంటూ ప్రవహించేటప్పుడు ఒత్తిడి కొంచెం కొంచెంగా ఖర్చయిపోయి, కుళాయి దగ్గరకు వచ్చేసరికి బీరు నెమ్మదిస్తుంది. చల్లబరిచేదీ ఆ గొట్టమే, బ్రేకు వేసేదీ ఆ గొట్టమే. పొదుపు కోసమని గొట్టాన్ని ఐదు మీటర్లకు కుదించిన వాళ్ళకు గ్లాసెడు నురగ తప్ప మరేం మిగలదు.

ఇప్పుడు అదే పెట్టెను నియమగిరికి తీసుకెళ్ళి జీలుగు కల్లు పోస్తే ఏమవుతుంది?

ముందు చెట్టు సంగతి చూడాలి. జీలుగు తాటి, కొబ్బరి జాతుల కుటుంబంలోదే. చేపతోకలాంటి ఆకులతో దూరంనుంచే గుర్తుపట్టవచ్చు. వృక్షశాస్త్రంలో దీన్ని కార్యోటా యూరెన్స్ అంటారు. పది పదిహేనేళ్ళు ఊరికే ఎదుగుతుంది, ఒక్క పువ్వు పూయదు. ఆ తరువాత మొవ్వు దగ్గర మొదటి గెల వేసి, ఏటికేడాది కిందికి దిగుతూ ఒక్కో గెల వేస్తూ, ఆఖరి గెల అయిపోగానే చచ్చిపోతుంది. బతికినన్నాళ్ళూ కాండంలో దాచుకున్న పిండిపదార్థమంతా ఆ కొద్ది సంవత్సరాల్లో చక్కెరగా మారి గెలల్లోకి పరుగెడుతుంది. గీసేవాడు దారి కాసి పట్టుకునేది ఆ చక్కెరనే. కొమ్మల మొదళ్ళు మెట్లలా వదిలేసిన ఒంటి వెదురు బొంగును చెట్టుకు కట్టి, దానిమీదుగా ఎక్కి, రోజుకు రెండుపూటలా గెల కోసను పలచగా చెక్కి, కింద కుండ కడతాడు. మంచి చెట్టయితే రోజుకు పది లీటర్లకు తగ్గదు.

బొట్టుగా జారిన క్షణంలో ఆ రసం దాదాపు చక్కెర నీళ్ళే. లీటరుకు సుమారు వంద గ్రాముల చక్కెర, ఆమ్లమూ కాదు క్షారమూ కాదు. కుండలో పడగానే కథ మారుతుంది. కుండ గోడల సందుల్లో నిన్నటి ఈస్టు కాచుకుని ఉంటుంది. కత్తి అంచునుంచి, ఈగల కాళ్ళనుంచి ఇంకొన్ని సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. ఈస్టుతో పాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. లాక్టిక్ బాక్టీరియా పులుపు తెస్తుంది. ఒక రోజులో పీహెచ్ 7 దగ్గరినుంచి 4 దగ్గరికి పడిపోతుంది, ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. పదేసి డిగ్రీల వేడికి ఈ వేగం సుమారు రెట్టింపవుతుంది. పుష్యమాసపు చలిలో కోరాపుట్ కొండ మీద రాత్రంతా కారిన రసం తెల్లారేసరికి ఇంకా తియ్యగానే ఉంటుంది. చైత్రంలో అదే కుండ దింపేసరికే మత్తెక్కి ఉంటుంది. గీతగాడు తీపి కావాలా ఘాటు కావాలా అని అడిగేది ఈ తేడా తెలిసే.

ఇక వాయువు లెక్క. లీటరు రసంలోని వంద గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే ఆల్కహాలుతో పాటు దాదాపు 50 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. వాయువుగా కొలిస్తే 27 లీటర్లు! అందులో ఆ లీటరు కల్లు మామూలు గాలి ఒత్తిడిలో తనలో కరిగించుకోగలిగింది ఒక లీటరు కూడా కాదు. మిగతాదంతా బయటికి పోవాల్సిందే. ఫ్రాన్సులో షాంపేన్ సీసాలో రెండోసారి పులియటానికి లీటరుకు 24 గ్రాముల చక్కెర మాత్రమే వేస్తారు. అంతమాత్రానికే లోపల ఆరు వాతావరణాల ఒత్తిడి వస్తుంది కాబట్టి దళసరి గాజు సీసాలు, ఇనప తీగతో కట్టిన బిరడాలు కావాలి. జీలుగు రసంలో ఉన్నది దానికి నాలుగు రెట్లు. దాన్ని సీసాలో పోసి మూత బిగించి కావడికి కట్టుకున్నవాడు సంతకు చేరడు, ఆసుపత్రికి చేరతాడు.

అందుకే ఆ కొండల్లో కల్లు పాత్ర ఏదీ గట్టి మూతతో కనిపించదు. అమెరికా పెట్టె వాయువును లోపల బంధించటానికి పుట్టింది. ఆనపకాయ బుర్ర వాయువును బయటికి పంపించటానికి పనికొస్తుంది. పీపాలోని బీరు పులియటం ఎప్పుడో ముగిసిపోయింది, కల్లు పులియటం ఇప్పుడే జరుగుతోంది. సమస్యే వేరైనప్పుడు సామాను వేరు కాక తప్పదు.

బుర్రను తెరిచిన పాత్ర అని తీసిపారేయటానికి కూడా లేదు. కల్లును వినిగర్ చేసేవి ఎసిటిక్ బాక్టీరియా. వాటికి ఆక్సిజన్ కావాలి. వెడల్పు మూతి డేగిసాలో పోస్తే గాలి తగిలే ఉపరితలం ఎక్కువ, అవి పండగ చేసుకుంటాయి. బుర్రకు పొట్ట పెద్దది, మెడ సన్నం. కల్లు పులుస్తున్నంతసేపూ ఆ మెడగుండా కార్బన్ డయాక్సైడ్ వెలుపలికి ఊదుతూనే ఉంటుంది. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి ప్రీస్ట్లీ తొట్ల మీద నిలిచినట్టే కల్లు మీద దుప్పటిలా నిలుస్తుంది. ఎదురు వచ్చే గాలికి ఆ ఇరుకు దారిలో చోటు తక్కువ. పులియటం మందగించి ఊదటం ఆగిన తరువాత గాలి లోపలికి దిగుతుంది, పులుపు మొదలవుతుంది. అంటే సాయంత్రందాకా కల్లును కాపాడేది కల్లు వదిలే వాయువే. ప్రయోగశాలల్లో పులియబెట్టే సీసాలకు బిగించే గాలితాళం చేసే పనిలో సగం ఈ మెడ చేసిపెడుతోంది.

బుర్ర తయారీకి తొందర పనికిరాదు. కాయను తీగ మీదే ముదరనిచ్చి, తొడిమ దగ్గర రంధ్రం చేసి, నీళ్ళు పోసి లోపలి గుజ్జును కుళ్ళనిచ్చి, గింజలతో సహా గుల్లకొట్టి, ఎండబెట్టి, పొయ్యి పైన వేలాడదీస్తారు. పొగ పట్టిన బుర్రకు పురుగు దగ్గరకు రాదు. చేదు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టటం తప్పనిసరి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది, అది ఎక్కువైతే విషమే. చేదుగా ఉన్న ఆనపకాయ రసం తాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు హెచ్చరించింది దీన్ని గురించే. ఇంత శ్రమ పడ్డాక చేతికొచ్చేది పిడికిలి బరువు కూడా లేని, పగలకుండా వాడుకుంటే ఏళ్ళు నిలిచే పాత్ర. అమెరికా ఖండాల్లో మనిషి మట్టికుండ చేయటం నేర్చుకోకముందే దీన్ని వాడాడు. అక్కడ పదివేల ఏళ్ళ కిందటి బుర్ర పెంకులు దొరికాయి. అక్కడికి ఎలా చేరిందన్న తగువు చాలాకాలం నడిచింది. ఆఫ్రికానుంచి సముద్రంలో తేలుతూ తనంతట తానే వెళ్ళిందని 2014లో డీఎన్ఏ పరిశోధన చెప్పింది. నెలల తరబడి ఉప్పునీళ్ళలో మునగకుండా, లోపలికి నీళ్ళు చొరనివ్వకుండా తేలిన కాయ కొండ దారిలో కావడిలో చిందుతుందా!

లందా కథ వేరే. కోరాపుట్ కొండలు వరి, చోళ్ళ పాత రకాలకు పుట్టిల్లు. ఆ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ 2012లో గుర్తించింది. చెట్టునుంచి చక్కెర తయారుగా వస్తుంది, గింజలోనైతే పిండి మాత్రమే ఉంటుంది. ఈస్టు పిండిని తినలేదు. గింజను మొలకెత్తిస్తే అందులో ఎమైలేజ్ ఎంజైములు మేలుకుని పిండిని చక్కెరగా విడగొడతాయి. చోళ్ళ మొలకల్లో ఈ ఎంజైములు బాగా ఉంటాయని పసిపిల్లలకు మొలకల జావ కాచే తల్లులకు అనుభవంలో తెలుసు. ఉడికించిన పిండిలో మొలకల పిండి కలిపి రెండు మూడు రోజులు కుండలో ఉంచితే లందా తయారు. మ్యూనిక్‌లో బార్లీతో చేసేదీ ఇదే రసాయనం. తేడా ఏమిటంటే అక్కడ పిప్పి వడకట్టి పారేస్తారు, ఇక్కడ దాన్ని కలిపే తాగుతారు. లందా చిక్కగా, ముద్దముద్దగా ఉంటుంది. తాగితే కడుపు కూడా నిండుతుంది.

కనుక అమెరికా పెట్టెను ఉన్నదున్నట్టు కోరాపుట్ తెస్తే రెండు చోట్ల బోల్తా పడుతుంది. లందా పోస్తే ఏడెనిమిది మిల్లీమీటర్ల గొట్టంలో పిప్పి అడ్డుపడి మొదటి గ్లాసుకే మూసుకుపోతుంది. జీలుగు కల్లు పోస్తే పీపాలో వాయువు తనంతట తాను పెరిగిపోతూ, సిలిండరు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు లెక్కలన్నీ తారుమారవుతాయి. ఇవి చాలవన్నట్టు ఎత్తు పేచీ ఒకటుంది. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి విశాఖ తీరంలోకంటే పదోవంతు తక్కువ. విశాఖలో 12 పీఎస్ఐ దగ్గర చక్కగా పారిన బీరుకు కోరాపుట్‌లో గేజీ మీద పదమూడున్నర దాకా పెట్టాలి. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, అక్కడైతే ఇంకాస్త. రాయగడ లోయలో దిగువన ఉంది కాబట్టి ఈ తేడా దాదాపు కనపడదు కానీ ఎండ మాత్రం దంచేస్తుంది.

ఈ కొండలకు దగ్గరి చుట్టం అమెరికా పెట్టె కాదు, ఇంగ్లండు పీపా. అక్కడి పల్లె పబ్బుల్లో ఇంకా మెల్లగా పులుస్తూ ఉన్న బీరును పీపాలోనే ఉంచి అమ్మే అలవాటు పాతది. సెల్లారునుంచి బీరును పైకి లాగే చేతి పంపుకు 1797లోనే జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్నాడు గానీ, పంపు లేనిచోట పీపాను కాస్త వాల్చి పెట్టి, కుళాయి దిగగొట్టి, భూమ్యాకర్షణతోనే పోసేవాళ్ళు, ఇప్పటికీ పోస్తారు. అందులో ఒక చిన్న చమత్కారం ఉంది. పీపా పైన రంధ్రంలో మొదట మెత్తని మేకు బిగిస్తారు. అది వెదురులాంటి, సన్నని రంధ్రాలున్న పుల్ల. లోపలి వాయువు దాని నాళాలగుండా నెమ్మదిగా ఊరి బయటపడుతుంది. పులియటం తగ్గిందనుకున్నప్పుడు మెత్తని మేకు తీసి గట్టి కొయ్య మేకు కొడతారు. రెగ్యులేటరు లేదు, సిలిండరు లేదు. వెదురు విషయంలో కోరాపుట్ ఇంగ్లండుకు అప్పివ్వగలదు.

ఈ ఇంగ్లండు పీపా పద్ధతిలో కల్లు పోసే పెట్టెను ఒక వడ్రంగితో చేయించాలంటే ఏం కావాలి? బయటికి 710 గ్రేడు మెరైన్ ప్లైవుడ్, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం. చౌకగా దొరికే మామూలు ప్లైవుడ్ తడికి పొరలు విడిపోతుంది. టేకు అయితే దివ్యంగా ఉంటుంది, మోసేవాడి నడుము మాత్రం ఏమంటుందో చూసుకోవాలి. చెక్క చలిని ఆపుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. అరవై సెంటీమీటర్ల పొడవు, నలభై వెడల్పు, నలభై ఎత్తు ఉన్న వట్టి చెక్కపెట్టెలో ఐసు వేసి ముప్పై డిగ్రీల ఎండలో పెడితే గంటకు కిలోకు పైగా కరిగిపోతుందని లెక్క చెబుతుంది. లోపలివైపు నాలుగు సెంటీమీటర్ల థర్మోకోల్ తాపడం చేస్తే అది పావుకిలో చిల్లరకు తగ్గుతుంది. థర్మోకోల్‌కు నీళ్ళు తగలకుండా పలచని స్టీలు రేకు తొడగాలి. కోస్తానుంచి జయపురం, రాయగడ వచ్చే చేపల ఐసు పెట్టెల్ని విప్పి చూసిన వడ్రంగికి ఇదేమీ చెప్పనక్కర్లేదు.

పెట్టె లోపల మూడు నాలుగు డిగ్రీలు వాలేట్టు ఒక పీట. దానిమీద పదిహేను ఇరవై లీటర్ల స్టీలు క్యాను. క్యాను అడుగుకు ఆనించి కాకుండా నాలుగు వేళ్ళ ఎత్తున కుళాయి. మడ్డి అడుగుకు దిగుతుంది కాబట్టి పైతేరు మాత్రమే బయటికొస్తుంది. లందాకైతే కుళాయి లోపలి మూతికి సన్నగా అల్లిన వెదురు జల్లెడ కట్టాలి. రంధ్రం పాతిక మిల్లీమీటర్లకు తగ్గితే పిప్పితో పోట్లాట తప్పదు. క్యాను పైన రెండు రంధ్రాలు. ఒకదానిలో మెత్తని వెదురు మేకు, రెండోదానికి పలచని గుడ్డ. ఇంగ్లండు బీరులో మిగిలి ఉండే చక్కెర చిటికెడు, జీలుగు రసంలో గంపెడు. నురగ వెదురు నాళాలను మూసేస్తే రెండో దారి లేకపోవటం ప్రమాదం.

రాగి, ఇత్తడి కుళాయిల జోలికి పోకూడదు. పీహెచ్ 4 దగ్గరున్న పుల్లని కల్లు రాగిని కరిగించి తనలో కలుపుకుంటుంది. చల్లదనం గొట్టంలోనుంచి త్వరగా పారటంలో స్టీలు రాగికి సాటిరాదు, అయినా బీరు పెట్టెల వాళ్ళంతా స్టీలు గొట్టాన్నే ఎంచుకున్నది అందుకే. ఇక్కడ మనకు చుట్టగొట్టమే లేదు కాబట్టి ఆ చింత కూడా లేదు.

ఐసు సంగతి. లీటరు కల్లును ముప్పై డిగ్రీలనుంచి నాలుగుకు దించటానికి ఐసు కిలోలో మూడోవంతు పడుతుంది. ఇరవై లీటర్లకు ఆరేడు కిలోలు. దానికి తోడు దారిలో కరిగేది. కల్లును బీరులా అంత చల్లగా తాగే అలవాటు ఎవరికీ లేదు. ఇంగ్లండు పీపా బీరు కూడా పదకొండు, పన్నెండు డిగ్రీల దగ్గరే పోస్తారు. కొండమీది ఊళ్ళకు ఐసు చేరేలోగా నీళ్ళవుతుంది కాబట్టి తడి గోనెపట్టే మేలు. కిలో నీరు ఆవిరైతే కిలో ఐసు కరగటంకంటే ఏడు రెట్లు ఎక్కువ వేడి లాక్కుపోతుంది. చైత్రమాసం మధ్యాహ్నం 38 డిగ్రీల పొడి గాలిలో తడిగోనె చుట్టిన క్యాను 22, 23 డిగ్రీల దాకా దిగగలదు. శ్రావణంలో ఈ ఉపాయం పారదు. గాలే తడిసి ఉన్నప్పుడు గోనె ఆరదు. గోనెతో పని కానిచ్చేట్టయితే థర్మోకోల్ గోడల పెట్టె బదులు గాలి ఆడే చెక్క చట్రం చేయించాలి, ఎందుకంటే ఈ రెండూ ఒకదానికొకటి గిట్టవు. ఎండాకాలం కొండకు చట్రం, రోడ్డు పక్క సంతకు పెట్టె.

చలితో కల్లును అసలు పులియకుండా ఆపే ప్రయత్నం కూడా మన దేశంలో జరిగింది. కాసరగోడులోని కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెలకు తగిలించే ఒక చిన్న ఐసు పెట్టె తయారుచేసింది. పీవీసీ గొట్టంతో చేసిన ఆ పెట్టెలో రసం బొట్టు పడుతూనే చల్లబడుతుంది, పులియదు. అలా పట్టిన రసాన్ని కల్పరస అని అమ్ముతున్నారు, దానితో బెల్లమూ చేస్తున్నారు. జీలుగు గెల కొబ్బరి గెలకంటే చాలా పెద్దది, చెట్టూ ఎత్తు, కింద ఐసు ఫ్యాక్టరీ లేదు. అయినా తీపి నీరాకు పట్నంలో గిరాకీ ఉన్న ఈ రోజుల్లో అల్లూరి జిల్లా ఏజెన్సీలోనూ రాయగడలోనూ ప్రయత్నించదగ్గ పని ఇది. కల్లు పెట్టెకంటే దీనికే భవిష్యత్తు ఎక్కువ.

కుళాయి ఏదైనా కడగటమే అసలు పరీక్ష. కొండల్లో కుండను పూర్తిగా తోమకపోవటంలో అర్థముంది, పాత మడ్డిలోని ఈస్టే కొత్త రసానికి తోడు. కుళాయిలో మిగిలిన తడి అలాంటిది కాదు. అక్కడ గాలి తగులుతుంది, ఎసిటిక్ బాక్టీరియా జిగురు పొరలా పాతుకుపోతుంది, మర్నాడు మొదటి గ్లాసునుంచే పులుపు. బీరు గొట్టాలను రెండు వారాలకోసారి రసాయనాలతో కడగాలని అమెరికా బీరు తయారీదారుల సంఘం సిఫారసు చేస్తోంది. కడగకపోతే గొట్టం లోపల గారలాంటి పొర పేరుకుంటుంది. అది కాల్షియం ఆక్సలేట్. జీలుగు పండును ఒట్టి చేత్తో పిసికినవాడిని మంటతో, దురదతో గంతులేయించే సూక్ష్మ సూదులు కూడా కాల్షియం ఆక్సలేటే. ఈ చెట్టు దగ్గర పెరిగినవాడు బీరు గొట్టంలో దాని పేరు విని నవ్వుకుంటాడు. వేడినీళ్ళు, వంటసోడా, చివర నిమ్మరసం కలిపిన నీళ్ళు పోసి కుళాయిని విప్పి ఆరబెట్టటం సంత పెట్టెకు సరిపోతుంది.

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. కోరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూలు ప్రాంతాలు. అక్కడ మత్తు పానీయాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే, కావాలంటే నిషేధించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండేట్టు 1996 పెసా చట్టం నాలుగో సెక్షను చెబుతోంది. సలపా ఆ ఊళ్ళలో పెళ్ళికీ చావుకూ దేవరకూ కావలసిన వస్తువు. సంతలో అదుపు తప్పిన తాగుడు ఇళ్ళు కూల్చిన ఊళ్ళూ ఉన్నాయి. పోయటం తేలిక చేసే పెట్టె వస్తే తాగటం కూడా తేలికవుతుంది, కాబట్టి దాన్ని సంతలో పెట్టాలా వద్దా అన్నది వడ్రంగీ ఇంజనీరూ చెప్పే మాట కాదు. కుండల వెనక కూర్చున్న ఆడవాళ్ళనూ గ్రామసభనూ అడగాలి.

మైదానంలో ఉన్నవాళ్ళు ఇది చదివి ఇంట్లో బీరు కాచుకోబోతే ఎక్సైజు వాళ్ళు ఊరుకోరు, ఇక్కడ లైసెన్సు లేనిదే ఆ పని కూడదు. పెట్టె చేయించుకోవాలన్న సరదా ఉంటే మానుకోనక్కర్లేదు. అదే పీట, అదే కుళాయి, అదే తడిగోనెతో వేసవి పొడుగునా చోడంబలీ మజ్జిగా పెట్టుకోవచ్చు. అంబలికి మాత్రం కుళాయి రంధ్రం పెద్దదిగా చేయించండి, రోజూ రాత్రి విప్పి కడగండి.